వాయిదాల మీద వాహనం

తెలుగువారి నోట నిత్యం నలిగే 'వాయిదా' అన్న మాట పుట్టుకచేత మనది కాదు. అరబ్బీలో దాని మూలానికి మాట ఇవ్వడం, వాగ్దానం చేయడం అని అర్థం. పారశీకం మీదుగా, హిందుస్తానీ మీదుగా, నవాబుల కచేరీల మీదుగా అది తెలుగుదేశానికి వచ్చి రెండు కొత్త అర్థాలు సంపాదించుకొన్నది. ఋణాన్ని విడతలుగా తీర్చేటప్పుడు ఒక్కొక్క విడతను వాయిదా అంటున్నాము. సభనో, కోర్టు విచారణనో మరొక రోజుకు నెట్టినప్పుడు కూడా వాయిదా వేసినారనే అంటున్నాము. దానితోపాటు వచ్చిన 'కిస్తు' అన్న మాటకు మూలభాషలో న్యాయమైన వాటా అని అర్థమున్నది. ఆ న్యాయం సంగతి మనం మరచి, వాటాను మాత్రం ఉంచుకొన్నాము. స్నేహితుల మధ్య పాత కారు చేతులు మారి, ఆ తరువాత మాటలు ఆగిపోయిన సందర్భాలు గమనించినవారికి ఆ పదం చరిత్ర అంతా మళ్ళీ జరుగుతున్నట్లే తోస్తుంది. మొదటి నెల వాగ్దానం, నడిమి నెలల్లో చెల్లింపు, చివరి నెలల్లో జాప్యం.

ఐనా ఇటువంటి బేరం అవివేకమని కొట్టివేయడం తగదు. పాత కారు అమ్మదలచినవాడు దళారి దగ్గరకు పోతే దళారి తన లాభం చూచుకొని ధర కడతాడు. కొనదలచినవాడు బ్యాంకుకు పోతే పాత బండి మీది అప్పుకు సాధారణంగా కొత్త బండి అప్పుకంటె వడ్డీ హెచ్చు. పైగా జీతపు చీటీలు, హామీదారులు, సంతకాలు. స్నేహితుల మధ్య ఈ బెడద లేదు. అమ్మేవానికి దళారి ఇచ్చేదానికంటె నాలుగు రాళ్ళు ఎక్కువ ముడతవి. కొనేవానికి వడ్డీ లేని వాయిదాలు దొరుకుతవి. బండి ఎవరు నడిపినారు, ఎక్కడ గుద్దుకొన్నది, ఏ షెడ్డులో బాగుచేయించినారు, అన్నీ ఎరిగిన విషయాలే. ఇద్దరికీ లాభమున్న వ్యవహారమే ఇది. బేరం కుదిరిన సాయంకాలం మొహమాటంచేత ఎవరూ పలకని నాలుగు మాటల మూలంగా చెడుతున్నది.

ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే మాష్టారు, సాంఘికశాస్త్రం చెప్పే మాష్టారు ఉన్నారనుకొందాము. పదేళ్ళుగా ఒకే గదిలో కూర్చొని, ఒకరి క్యారేజీలోని కూర ఒకరు పంచుకొని తిన్నవారు. చుట్టరికం లేకపోయినా వరస కలుపుకొని 'బావగారూ' అని పిలుచుకొంటారు. గణితం మాష్టారు కొత్త కారు కొనుక్కొని, తొమ్మిదేళ్ళు వాడిన పాత కారును సాంఘికం మాష్టారికి 2,40,000 రూపాయలకు ఇచ్చినారు. రొక్కం 60,000. తక్కిన 1,80,000 నెలకు 15,000 చొప్పున పన్నెండు వాయిదాలు.

"ఏదైనా కాగితం వ్రాసుకొందామా బావగారూ?"

"మన మధ్య కాగితాలేమిటండీ! నా మీద నమ్మకం లేదా ఏమిటి?"

ఈ రెండవ మాట విన్న తరువాత మొదటి మాటను తిరిగి పలకగల తెలుగువాడు అరుదు. తాళంచెవి ఒకటి చేతులు మారినది. రెండవ తాళంచెవి, ఆర్సీ కార్డు గణితం మాష్టారి బీరువాలోనే ఉన్నవి. డబ్బంతా ముట్టిన తరువాత ఆర్టీవో ఆఫీసుకు పోయి పేరు మార్పించుకోవచ్చునని ఇద్దరూ అనుకొన్నారు.

నాలుగు వాయిదాలు తప్పకుండా వచ్చినవి. ఐదవ నెలలో ఘాట్ రోడ్డు మీద క్లచ్ ప్లేట్లు కాలిపోయి, మరమ్మతుకు 18,000 రూపాయలు అయినది. సాంఘికం మాష్టారు ఆ నెల వాయిదా ఇవ్వలేదు. పై నెలలో కూడా 3,000 తగ్గించుకొని ఇస్తానన్నారు.

"అవి మీ చేతిలో ఉన్నప్పుడే అరిగిపోయినవని మెకానిక్కు చెప్పినాడు బావగారూ."

"ఐదు నెలలనుంచి నడుపుతున్నది తమరు. ఎడమకాలు క్లచ్ మీదనుంచి తీయకుండా నడిపితే ఏ ప్లేట్లు నిలుస్తవి?"

మరునాటినుంచి 'బావగారు' పోయి 'మాష్టారు' వచ్చినది. మరి రెండు నెలలకు అదీ పోయి, మూడవవారితో చెప్పేటప్పుడు 'ఆయన' మిగిలినది. ఉపాధ్యాయుల గదిలో తక్కినవారు రెండు పక్షాలుగా చీలినారు. ఇటువంటి తగాదాలో సాక్ష్యం లేదు గనుక ప్రతివారికీ ఒక అభిప్రాయం ఉంటుంది.

క్లచ్ ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్నకు శాసనం చెప్పే సమాధానం చాలమందికి కటువుగా తోస్తుంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షను ప్రకారం, వ్యాపారి కానివాడు తన వస్తువును అమ్మినప్పుడు దాని నాణ్యతకు మాటలో చెప్పని పూచీ ఏదీ ఉన్నట్లు భావించడానికి సాధారణంగా వీలులేదు. కొనేవాడు కళ్ళు తెరచుకొని కొనవలె. మరి అమ్మేవానికి లోపం తెలిసి ఉండి నోరు మెదపకపోతే? దీనికి 1872 నాటి ఒప్పందాల చట్టం 17వ సెక్షనులో ఒక గుర్రం కథ కలదు. నూటయాభై ఏళ్ళు దాటినా కారుకు అచ్చంగా అతికే కథ.

తన గుర్రానికి జబ్బున్నదని తెలిసినవాడు దానిని వేలంలో మరొకనికి అమ్ముతాడు. జబ్బు సంగతి ఏమీ మాట్లాడడు. అది మోసం కాదని చట్టం అంటున్నది. కాని ఆ కొనే వ్యక్తి అప్పుడే యుక్తవయస్సు వచ్చిన అతని కూతురైతే? అప్పుడు ఆ బంధుత్వమే నోరు విప్పవలసిన బాధ్యతను అతనిమీద పెడుతుంది. మూడవది ఇంకా సొగసైనది. కొనేవాడు "నీవు కాదనకపోతే గుర్రం బాగున్నట్లే అనుకొంటాను" అంటాడు, అమ్మేవాడు ఊరుకొంటాడు. ఆ ఊరుకోవడం మాట్లాడినదానితో సమానం.

స్నేహితుడు ఈ మూడింటిలో ఎక్కడివాడు? వేలంపాటలో ఎదురైన అపరిచితుడు కాడు. చట్టం దృష్టిలో కన్నకూతురూ కాడు. అందుచేత అతనికి అక్కరకు వచ్చేది మూడవ ఉదాహరణమే. "క్లచ్ సంగతి ఏమైనా ఉన్నదా బావగారూ? మీరేమీ చెప్పకపోతే బాగున్నట్లే లెక్క" అని ఒక్క ప్రశ్న నలుగురి ఎదుట అడిగి ఉంటే సాంఘికం మాష్టారి వాదానికి బలముండేది. అడగలేదు. మామూలు జాగ్రత్తతో లోపం కనుక్కోగలిగి ఉండి కనుక్కోనివానికి, ఎదుటివాని మౌనం మీద ఒప్పందం రద్దు చేసుకొనే హక్కు లేదని 19వ సెక్షను కూడా చెబుతున్నది. నమ్మకమైన మెకానిక్కును ఒక పూట తీసుకొనివెళ్ళి బండి చూపించడమే ఆ మామూలు జాగ్రత్త. స్నేహితుని బండిని మెకానిక్కుచేత పరీక్ష చేయించడం అవమానమని అనుకోవడం మనవారి అలవాటు. పెండ్లిసంబంధానికి ఏడుతరాలు విచారించే జాతి కారు విషయంలో ఇంత ఉదారంగా ఎందుకుంటుందో అర్థం కాదు.

క్లచ్ తగాదా పైకి కనబడేది. అసలు ప్రమాదం గణితం మాష్టారి బీరువాలో ఉన్నది. ఆయనకు ఒక ధీమా. 'కార్డు నా దగ్గర ఉన్నది, పేరు నాది, బాకీ తీరకుండా బండి ఎక్కడికి పోతుంది?' వాయిదాల మీద బండి అమ్మిన వేలమందికి ఈ ధీమాయే ఉంటుంది. పేరు తనవద్ద ఉంచుకోవడం కళ్ళెం పట్టుకోవడమని వారి భావం.

శాసనం మాట వేరు. నిర్దిష్టమైన వస్తువును, ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నదానిని, షరతు లేకుండా అమ్మినప్పుడు ఒప్పందం జరిగిన క్షణంలోనే యాజమాన్యం కొన్నవానికి పోతుందని సరుకుల విక్రయ చట్టం 20వ సెక్షను అంటున్నది. డబ్బు తరువాత ఇస్తాననడం దానికి అడ్డు కాదు. డబ్బు ముట్టనివాడు వస్తువును పట్టి ఉంచుకోవచ్చును, కాని ఆ హక్కు వస్తువు చేతిలో ఉన్నంతవరకే. తాళంచెవి ఇచ్చి పంపిన తరువాత అది పోతుంది. కాగితం లేని బేరంలో గణితం మాష్టారికి మిగిలేది బండి మీద హక్కు కాదు, మనిషిమీద బాకీ.

ఇక రెండవ చట్టం చూడవలె. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 2వ సెక్షను 30వ ఉపభాగం ప్రకారం యజమాని అంటే ఎవరి పేర వాహనం రిజిస్టరై ఉన్నదో ఆ వ్యక్తి. బండి ఎవరి ఇంటిముందు నిలిచినది, పెట్రోలు ఎవరు పోయించినారు అన్నది ప్రశ్న కాదు. కాబట్టి ఒకే కారుకు ఒక చట్టం సాంఘికం మాష్టారిని యజమాని అంటున్నది, మరొక చట్టం గణితం మాష్టారిని యజమాని అంటున్నది. లాభం మొదటి చట్టం వెంట పోయినది. బాధ్యత రెండవ చట్టం వెంట ఉండిపోయినది.

ఈ బాధ్యత ఎంతదూరం పోతుందో 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపుతుంది. హర్యానా ప్రాంతపు వ్యాజ్యం అది. 2007లో ఒకరు తన కారును అమ్మినారు. కొన్నవారు 2008లో మరొకరికి అమ్మినారు. ఆ తరువాత కూడా అది చేతులు మారినది. కార్డు మీద పేరు మాత్రం మొదటివారిదే. 2009 మే నెలలో ఆ కారు వెనుకకు నడుస్తూ ఇద్దరిని గుద్దగా ఒకరు మరణించినారు, ఒకరు గాయపడినారు. బండికి భీమా లేదు. పరిహారం ఎవరు ఇవ్వవలె? ఆఖరున కొన్నవారేనని హైకోర్టు అన్నది. సుప్రీంకోర్టు దానిని త్రోసివేసి, రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే యజమాని, వారే బాధ్యులు అని తేల్చినది. గాయపడినవాడు, చనిపోయినవాని కుటుంబంవారు బండి ఏయే చేతులు మారినదో వెదకుతూ తిరగనక్కరలేదని ఆ తీర్పు సారాంశం. వినగానే అమ్మినవారిమీద జాలి కలుగుతుంది. కాని రోడ్డు మీద పడినవాని పక్షంనుంచి చూస్తే మరొక న్యాయం కనబడదు. చనిపోయినవాని భార్య ఐదుగురి గుమ్మాలెక్కి "మీరా యజమాని?" అని అడుగుతూ తిరగవలెనా?

పేరు మార్చుకోవడానికి గడువు కూడా చట్టమే పెట్టినది. 50వ సెక్షను ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగితే అమ్మినవారు 14 రోజులలో తెలియజేయవలె. కొన్నవారు 30 రోజులలో దరఖాస్తు పెట్టుకోవలె. దీనికి 29, 30 నంబరు ఫారాలున్నవి. పన్నెండు వాయిదాలు తీరిన తరువాత పేరు మార్చుకొందామనడం పన్నెండు నెలలపాటు చట్టాన్ని వాయిదా వేయడమే.

ఇక్కడ విద్యార్థులు ఒక సందేహం అడుగవచ్చును. భీమా ఉన్నది గదా, భయమెందుకు? నిజమే, వాహనంతోపాటు మూడవవారికి కలిగే నష్టానికి సంబంధించిన భీమా కొన్నవానికి బదిలీ అయినట్లే 157వ సెక్షను భావిస్తుంది. కాని కారుకే దెబ్బ తగిలితే వచ్చే పరిహారం సంగతి వేరు. అది భీమా సంస్థకు తెలియజేసి పత్రం మార్పించుకొంటేనే కొన్నవానికి వర్తిస్తుంది. అందుకు గడువు 14 రోజులు. ఇంతకంటె పెద్ద చిక్కు వాయిదాల నడుమ భీమా గడువు ముగిసినప్పుడు వస్తుంది. "పేరు మీదే గనుక మీరే కట్టవలె" అని కొన్నవాడు, "బండి మీ దగ్గరే గనుక మీరే కట్టవలె" అని అమ్మినవాడు. ఇద్దరూ కట్టని వారం రోజులలో ప్రమాదం జరిగితే గణితం మాష్టారి భవిష్యనిధి అంతా పోగుచేసినా చాలదు.

ప్రమాదం దాకా పోనక్కరలేదు. హైదరాబాదు కూడళ్ళలోని కెమెరా పట్టిన చలాను కార్డు మీది పేరుకే వస్తుంది. కారు ఏదైనా నేరంలో కనబడితే పోలీసులు ముందుగా తలుపు తట్టేది ఆ చిరునామాలోనే. 2021 ఫిబ్రవరినుంచి జాతీయ రహదారుల మీద ఫాస్టాగ్ తప్పనిసరి అయినది. అద్దం మీది ఆ చీటీ అమ్మినవాని బ్యాంకు ఖాతాకు అతుక్కొని ఉంటే, కొన్నవాడు తిరుపతి పోయి వచ్చినప్పుడల్లా టోలుగేటు రుసుము అమ్మినవానికి తగ్గుతూ ఉంటుంది. ఇవన్నీ చిన్న మొత్తాలే. కాని స్నేహాలు చెడేది చిన్న మొత్తాల మీదనే. లక్షలు అడగడానికి మనిషి ధైర్యం తెచ్చుకొంటాడు. నూటనలభై రూపాయల టోలు అడగలేక లోలోపల కుములుతాడు.

ఇంగ్లండులో ఈ సమస్య కారుతో కాక పియానోతో పైకి వచ్చినది. నెలకు పదిన్నర షిల్లింగుల చొప్పున 36 నెలలు చెల్లిస్తే పియానో నీది, అంతవరకు అద్దెకే అన్న ఒప్పందం మీద ఒకడు పియానో తీసుకొనిపోయి, కొన్ని నెలలకే దానిని తాకట్టు వ్యాపారి దగ్గర కుదువపెట్టినాడు. ఎవరి పియానో? 1895లో ప్రభువుల సభ అది అసలు యజమానిదేనని తీర్పు చెప్పినది. తీసుకొన్నవాడు ఎప్పుడంటే అప్పుడు తిరిగి ఇచ్చివేయగలడు, కొనితీరవలెనన్న నిర్బంధం అతనికి లేదు, కాబట్టి అది విక్రయమే కాదు, అద్దె మాత్రమే అని కారణం. అద్దె-కొనుగోలు అన్న పద్ధతి ఈ తీర్పు మీద నిలిచి పెరిగినది. మన దేశంలో 1972లో అద్దె-కొనుగోలు చట్టం ఒకటి చేసినారు. దానిని ఒక్కనాడైనా అమలులోకి తేలేదు. 2005లో రద్దు చేసినారు. శాసనసభల్లో పుట్టి ఊపిరి తీయని చట్టాలలో అది ఒకటి.

ఐనా ఆ పద్ధతిలోని సారం మోటారు వాహనాల చట్టంలో నిలిచి ఉన్నది. ఋణం ఇచ్చినవారి పేరు కార్డు మీదనే నమోదు చేసే ఏర్పాటు 51వ సెక్షనులో ఉన్నది. బ్యాంకు అప్పుతో కొన్న ప్రతి కారు కార్డు మీదా ఇది కనబడుతుంది. నమోదు చేయించడానికి 34వ ఫారం, తీరిన తరువాత తీసివేయించడానికి 35వ ఫారం. ఈ ఏర్పాటు క్రింద బండి ఎవరి స్వాధీనంలో ఉన్నదో వారే యజమాని అని నిర్వచనంలోనే చెప్పినారు. అంటే పేరు కొన్నవానికి పోతుంది, పట్టు అమ్మినవానికి ఉంటుంది. గణితం మాష్టారు బీరువాలో వెదుకుకొన్న భద్రత నిజంగా ఉన్నచోటు ఇది. చట్టం ఋణం ఇచ్చేవారిని 'వ్యక్తి' అనే అన్నది గాని బ్యాంకు అని కట్టడి చేయలేదు. ఐతే స్నేహితుని పేర నమోదు చేస్తారా అన్నది బేరానికి ముందే రవాణా కార్యాలయంలో కనుక్కోవడం మంచిది.

అది కుదరకపోయినా మన ఊళ్ళలో తాతలనాటినుంచి ఉన్న సాధనం ప్రామిసరీ నోటు. పేరు వెంటనే మార్చివేసి, బాకీ 1,80,000కు రెవెన్యూ స్టాంపు అంటించిన నోటు వ్రాయించుకొంటే చాలు. స్టాంపు లేని నోటును తరువాత జరిమానా కట్టినా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు; ఈ సంగతి తెలియక నష్టపోయినవారున్నారు. నోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్ళు. నెలనెలా ముట్టినది నోటు వెనుక వ్రాసి ఇచ్చినవాడు సంతకం చేయడాన్ని పెద్దలు 'చెల్లు వేయడం' అనేవారు. ఎంత చక్కని మాట! గడువు లోపల వేసిన ప్రతి చెల్లుతోనూ, 1963 నాటి కాలపరిమితి చట్టం 19వ సెక్షను ప్రకారం, గడువు మళ్ళీ మొదటినుంచి లెక్కకు వస్తుంది. ఇచ్చినవానికి ఇచ్చినట్లు రుజువు, పుచ్చుకొన్నవానికి హక్కు నిలిచినట్లు రుజువు. ఫోనుద్వారా పంపిన డబ్బుకు బ్యాంకు లెక్క ఉంటుంది గాని, అది కారు వాయిదాయా, చిట్టీ డబ్బా, అమ్మాయి పెండ్లికి చేసిన చేబదులా అన్నది ఆ లెక్క చెప్పదు.

కొందరు పన్నెండు చెక్కులు ముందుగా పుచ్చుకొంటారు. చెక్కు చెల్లకపోతే 1881 నాటి చట్టం 138వ సెక్షను క్రింద అది శిక్షార్హమైన నేరం. బ్యాంకునుంచి తెలిసిన 30 రోజులలో నోటీసు ఇవ్వవలె, నోటీసు అందిన 15 రోజులలో డబ్బు రాకపోతే ఆపై నెలలోపల ఫిర్యాదు చేయవలె. బలమైన ఆయుధమే. కాని స్నేహితుని మీద ఎత్తిన ఆయుధాన్ని మళ్ళీ ఒరలో పెట్టడం కష్టం.

కాగితం లేనివారు చేసే పని ఒకటున్నది, అది చెప్పకుండా విడువరాదు. రెండవ తాళంచెవి ఉన్నది గదా అని రాత్రివేళ పోయి కారును తెచ్చుకోవడం. 'నా పేరు మీది బండి నేను తెచ్చుకొంటే తప్పేమిటి?' అని వారి ప్రశ్న. 1860 నాటి శిక్షాస్మృతిలో దీనికి కూడా ఒక ఉదాహరణం ఉన్నది. తన గడియారాన్ని కుదువపెట్టి, అప్పు తీర్చకుండా, ఎదుటివాని అనుమతి లేకుండా దానిని తీసుకొన్నవాడు తన సొంత గడియారాన్నే దొంగిలించినవాడౌతాడు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా దొంగతనం విషయంలో ఈ దారినే నడిచినది. బాకీ రావలసినవాడు ఒక్క రాత్రిలో ముద్దాయిగా మారే అవకాశమున్నది. ఇటు కొన్నవాడు వాయిదాలు ఎగవేసినంతమాత్రాన అతనిమీద మోసం కేసు నిలవదు. మొదటినుంచీ ఇవ్వకూడదన్న దురుద్దేశం ఉన్నదని చూపవలె. నాలుగు వాయిదాలు సక్రమంగా ఇచ్చినవాని విషయంలో అది చూపడం ఎట్లు?

'రెండు వాయిదాలు తప్పితే బండి వెనుకకు, కట్టిన డబ్బంతా నాది' అని వ్రాసుకొనేవారు కూడా ఉన్నారు. ఒప్పందాల చట్టం 74వ సెక్షను ఇటువంటి షరతుల కోరలు పీకివేసినది. వ్రాసుకొన్న మొత్తానికి లోబడి, సమంజసమైన పరిహారం మాత్రమే కోర్టు ఇప్పిస్తుంది.

2014 జూన్ 2న రాష్ట్రం రెండైన తరువాత మరొక ముడి పడినది. హైదరాబాదులోని కారును గుంటూరులోని చిన్ననాటి స్నేహితునికి అమ్మితే అది ఇప్పుడు పరరాష్ట్రపు అమ్మకం. ముందు ఇక్కడి కార్యాలయంనుంచి అభ్యంతరం లేదన్న పత్రం, 28వ ఫారం మీద. తరువాత అక్కడ కొత్త నంబరు, అక్కడి పన్ను. ఆ పన్ను ధరలో కలిసినదా, విడిగానా అన్న మాట బేరంనాడు ఎవరికీ గుర్తుండదు. ఆరు నెలల తరువాత ఇద్దరికీ గుర్తువస్తుంది, ఇద్దరికీ వేరువేరుగా.

ఇటువంటి తగాదాలలో చాలభాగం కోర్టు మెట్లెక్కవు. ఎక్కినవాటికి కూడా 1987 నాటి చట్టం క్రింద లోక్ అదాలతు ఉన్నది. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. అసలు దావా వేయకముందే అక్కడికి పోవచ్చును. మన కథలోని మాష్టర్లకు అంతదూరం అవసరం రాలేదు. ప్రధానోపాధ్యాయురాలు ఒక శనివారం మధ్యాహ్నం ఇద్దరినీ తన గదికి పిలిపించి, ఆయాచేత టీ తెప్పించి, తలుపు దగ్గరకు వేయించినారు. "గదిలో పిల్లలు పెన్సిలు కోసం కొట్లాడితే మీరిద్దరూ ఏమి తీర్పు చెబుతారో అదే ఇప్పుడు చెప్పండి" అన్నారామె. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. క్లచ్ ఖర్చులో సగం, 9,000 రూపాయలు, గణితం మాష్టారు భరించడానికి ఒప్పుకొన్నారు. చట్టం ఆయనను అంతమాత్రం కూడా అడగదు, ఆయన ఇచ్చినారు. బాకీ 1,20,000లో అది పోను 1,11,000. ఏడు పూర్తి వాయిదాలు, ఎనిమిదవది 6,000 అని ఆయనే నల్లబల్లమీద లెక్క చెప్పినట్లు చెప్పినారు. నోటు వ్రాసినారు, స్టాంపు అంటించినారు. సోమవారం ఇద్దరూ అరపూట సెలవు పెట్టి 29, 30 ఫారాల మీద సంతకాలు చేసి రవాణా కార్యాలయానికి పోయినారు. భీమా పత్రం కూడా మార్పించినారు. అద్దం మీది ఫాస్టాగ్ సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు. దసరా సెలవులలో సాంఘికం మాష్టారు సకుటుంబంగా శ్రీశైలం బయలుదేరినప్పుడు గణితం మాష్టారి ఫోనుకు టోలుగేటునుంచి సమాచారం వచ్చినది. ఆయన దానిని చూచి, కొంచెం ఆలోచించి, ఈసారి ఫోను చేసినారు.

"బావగారూ, ప్రయాణం సుఖంగా సాగుతున్నదా? దారిలో ఆగినప్పుడు అద్దం మీది చీటీ ఒకటి చూడండి."